కనుమ దాటని జీపు

అల్వాని
జూన్ 20, 2001

నానులక్కా,

కూర్చుని చదువు. ఈ స్థితిలో నువ్వు నిలబడి ఏ పనీ చెయ్యకూడదని షేతే బావకి చెప్పే పంపాను. ఆయన విన్నాడో లేదో.

జీపు కొన్నాను. నిజంగానే కొన్నాను. మన పెరట్లో ఉంది, కిటికీలోంచి దాన్ని చూస్తూనే రాస్తున్నా. పాత సైన్యం జీపే గానీ ఇప్పుడు సైన్యంవాళ్ళు చూసినా గుర్తుపట్టలేరు. ఒళ్ళంతా పైకి లేపారు. టైర్లు నా నడుం దాకా వచ్చాయి. లోపలి ఇంజను ఏదో లారీదంట, ఏ లారీదో అమ్మినవాడికీ తెలీదు. స్టార్టు చేస్తే వీధిలో కోళ్ళన్నీ గోడెక్కి కూర్చున్నాయి. ముందు బంపరు మీద మోటారుతో తిరిగే చక్రం, దానికి నా బొటనవేలంత లావు ఉక్కు తాడు. ఆ తాడు చెట్టుకో బండకో కట్టి మీట నొక్కితే జీపు తనని తనే లాక్కుంటుంది. నేను చూశాను, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. వెనకంతా మందపాటి రేకు పరిచి, మధ్యలో నీళ్ళు పోవడానికి చిల్లు పెట్టారు. బక్కెట్టు నీళ్ళు కొడితే అద్దంలా అవుతుంది. పైకప్పుకి నాలుగు కొక్కేలున్నాయి, ఒక్కోటీ ఎద్దుని వేలాడదీసినా వంగదు. నీ మూటలు తగిలించుకోవచ్చు.

బానెట్ ఎత్తి చూశావా, కిందకి దూరి చూశావా అని అడుగుతావు కదా. ముందే చెప్పేస్తున్నా, చూడలేదు. చూసే వీల్లేకపోయింది. నది అవతల ద్రాక్షతోటల ఊళ్ళో ఈ జుంబేర్ అనే ఆయన, నేను వెళ్ళేసరికే బల్ల మీద విందు పరిచేశాడు. జీపు చనిపోయిన వాళ్ళ అన్నయ్యదంట. మూడో గ్లాసు ఆ అన్న పేరున ఎత్తాం. అందరం లేచి నిలబడి, రొట్టె మీద వైను చుక్క వేసి తాగాం. జుంబేర్ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు నేను, "సరేగానీ, కింద తుప్పుందేమో దూరి చూసొస్తా" అనాలా? మనిషన్నవాడు అనగలడా? ఆ గ్లాసు తాగాక జీపు నాదైపోయింది, అంతే.

పోయినేడు మందతో పాటు గుర్రం మీద కనుమ దాటుతూ నువ్వు పోగొట్టుకున్నదాన్ని నేను మర్చిపోలేదక్కా. ఈసారి నువ్వు గుర్రం ఎక్కవు. సెప్టెంబరు ఆఖర్లో, మంచు పడకముందే, ఈ జీపు తెచ్చి నీ గుమ్మం ముందు ఆపుతా. లోపల పరుపు వేసి తెస్తా. నవంబరులో కాన్పు ఇక్కడ కింద, అల్వాని ఆస్పత్రిలో, నలుగురి మధ్యా జరుగుతుంది.

కోళ్ళు ఇంకా దిగలేదు.

నీ ఇమెదా


బుఖుర్త
జూలై 9

ఒరే పెద్దమనిషీ,

నీ ఉత్తరం బెసో లారీలో పిండిబస్తాల మధ్య నలిగి వచ్చింది. ఇక్కడ ఉత్తరమొస్తే ఒక్కదాన్నీ చదువుకోడం కుదరదని నీకు తెలుసుగా. చావిట్లో అందరూ కూర్చున్నారు, నేను పైకి చదివాను. టైర్ల దగ్గర మగవాళ్ళంతా మీసాలు దువ్వారు. మూడో గ్లాసు దగ్గర ఆడవాళ్ళం నవ్వి నవ్వి చచ్చాం. రేపు నీ పెళ్ళికూతుర్ని కూడా ఇలాగే చూస్తావా? వాళ్ళ తాత పేరున గ్లాసెత్తి, మొహమైనా చూడకుండా తీసుకొచ్చేస్తావా?

కానీ ఒరే, గుమ్మం ముందుకి తెస్తానన్న చోట కాగితం దించేశాను. మీ బావ లేచి బయటికెళ్ళి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. కట్టెలు అప్పటికే బోలెడున్నాయి.

అబ్రియా తాత మాత్రం నవ్వలేదు. ఆయన గుట్ట మీది గుడికి పెద్ద కాబట్టి ఎప్పుడూ నవ్వడనుకో. అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు: "కొక్కేలెందుకు?" గొర్రెలకేమో అన్నాను. "గొర్రెకి అంత కొక్కెమా" అని లేచి వెళ్ళిపోయాడు. కాబట్టి నువ్వు ఆ జీపుని ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళు. రేకు ఎత్తించి కింద చూపించు. ఆ అన్న ఏం చేసేవాడో కూడా అడుగు. విందు మధ్యలో కాకుండా వెళ్ళి అడుగు.

లోపలున్నది తంతోంది. పోయినసారిది ఇంత గట్టిగా తన్నలేదు. చీజ్ పిండుతుంటే చెయ్యి ఆపి వింటాను. నాకు సంతోషమూ భయమూ ఒకేసారి వస్తున్నాయి.

ఉప్పు పంపు. జీపు గురించి గొప్పలు కాస్త తగ్గించి, ఉప్పు కాస్త ఎక్కువ పంపు.

అక్క


అల్వాని
జూలై 24

అక్కకి,

ఉప్పు పంపాను. ఊరందరి ముందూ చదివావన్నమాట. బాగుంది. నీకోసం ఒళ్ళు మరిచి కొన్నవాణ్ణి చావిట్లో నవ్వులపాలు చేశావు. కొక్కేలు వంకరగా ఉంటే తిట్టాలి గానీ, గట్టిగా ఉన్నందుకు కూడా తిడతారా?

మెకానిక్ అవసరం లేదు, కొండే చూసింది దాన్ని. మొన్న కనుమ దారిలో ఏరు పొంగి, బెసో లారీ మధ్యలో కూరుకుపోయింది. నీళ్ళు తలుపు దాకా వచ్చాయి. బెసో లారీ పైకెక్కి కూర్చుని దేవుళ్ళనందర్నీ పేరుపేరునా పిలుస్తున్నాడు. నేను ఒడ్డున నిలిపి, ఉక్కు తాడు తగిలించి మీట నొక్కాను. అక్కా, ఆ తాడు మొదట వణికింది. తర్వాత సన్నగా పాడింది. అంత లారీ, దాన్లో నీ ఉప్పుతో సహా, గొర్రెపిల్లలా ఒడ్డెక్కేసింది.  మనుషులు ఇంత బలాన్ని ఒక చక్రంలో ఎలా చుట్టిపెట్టారా అనిపించింది. బెసో వచ్చి బానెట్‌ని ముద్దు పెట్టుకున్నాడు, మూతి కాలింది.

ఆ అన్న గురించి నేనడగను. అడవులు పట్టుకు తిరిగేవాడని, ధైర్యస్థుడని బల్ల దగ్గరే చెప్పారు. పోయినవాడి పేరున తాగొచ్చి, మళ్ళీ వెళ్ళి ఆయన ఎలాంటివాడని ఆరా తియ్యడం నాకు చేతకాదు. నీకు నా మీద నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పు.

ఇమెదా


బుఖుర్త
ఆగస్టు 12

ఇమెదా,

అలకలు తర్వాత పడు. ముందు ఇది విను.

పండగ జరిగింది. మగవాళ్ళు మూడు రోజులుగా పెద్ద రాగి బానలో గుడికి బీరు కాచారు, మేం ఆడవాళ్ళం ఎప్పట్లా గుడికి దూరంగా ఉన్నాం. పొద్దున ఆకాశం కడిగినట్టుంది. మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. అలాంటివి నా జన్మలో చూడలేదు. కోడిగుడ్లంత ఉన్నాయి. మా బార్లీ నేలకి పరుచుకుపోయింది. చెట్ల ఆకులన్నీ రాలి, వేసవి మధ్యలో కొమ్మలు చలికాలంలోలా నిలబడ్డాయి. ఆగిపోయాక ఊరంతా బయటికొచ్చి తెల్లటి నేల మీద నిలబడ్డాం.  భయమేసింది గానీ, అంత అందంగా కూడా ఉండటం ఏమిటో నాకర్థం కాలేదు.

అబ్రియా తాత ఒక్కటే అన్నాడు: "ఎవరో తెచ్చారు." లోయలోకి పందిమాంసం వస్తే కొండ ఊరుకోదని మనకి పాలతో పాటే పోస్తారు కదా. వెతికారు. పట్నం నుంచొచ్చిన ఒక జంట సంచిలో ఆ మాంసం డబ్బా దొరికింది. పాపం వాళ్ళకేం తెలుసు. వాళ్ళకి అన్నం పెట్టి, గుర్రాలిచ్చి, డబ్బాతో సహా కనుమ దాటించి వచ్చారు. ఎవరూ ఒక్క కఠినమైన మాట అనలేదు. నువ్వు అల్వానిలో కూర్చుని నవ్వుకుంటే నవ్వుకో. ఆ పొలం చూసుంటే నవ్వేవాడివి కాదు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నా. ఈ ఉత్తరం నేనొక్కదాన్నే రాస్తున్నా, నువ్వొక్కడివే చదువుకో. ఆ జీపు ఇంతకాలం ఏం మోసింది?

నానులి


అల్వాని
సెప్టెంబరు 10

అక్కా,

జీపు తేలేను. ఎందుకని అడగొద్దు. నువ్వు బెసో లారీలో వచ్చెయ్యి. ముందు సీట్లో మెత్త వేయించమని చెప్పాను. వచ్చే వారమే బయల్దేరు. మిగతాది కింద మాట్లాడుకుందాం. ఉత్తరాలు అందరూ వింటారు.

ఇమెదా


బుఖుర్త
సెప్టెంబరు 21

తమ్ముడికి,

నెల తర్వాత నాలుగు ముక్కలు. చావిట్లో అందరూ ఎదురుచూస్తుంటే పైకి చదివాను. చదివాక ఎవరూ నా మొహం చూడలేదు. ఇంజను పోయిందన్నమాట. లేకపోతే అమ్మేసుకున్నావు. లేకపోతే మళ్ళీ ఎవరి పేరునో గ్లాసెత్తి ఎవరికో ఇచ్చేశావు. పోనీ చెప్పొచ్చుగా? పరుపు వేసి గుమ్మం ముందుకి తెస్తానన్న నోటితోనే, నాకు చేతకాదు అక్కా అనొచ్చుగా?

మీ బావ మందతో మైదానానికి దిగిపోయాడు. నీ మాట నమ్మే వెళ్ళాడు. "ఇమెదా వస్తానన్నాడు, వస్తాడు" అని మూడుసార్లు అన్నాడు. తనకి తనే చెప్పుకుంటున్నాడనిపించింది. బెసో లారీ నీ ఉత్తరం తెచ్చిన రోజే మా ఊరి దిగువన చక్రాల మీది కమాన్ పట్టీ విరిగి పక్కకి ఒరిగింది. అక్కడే ఉంది. బెసో నడిచి వెళ్ళాడు, ఈ ఉత్తరం ఆయన జేబులోనే వస్తోంది. మిగిలిన బళ్ళన్నీ దిగిపోయాయి. ఊళ్ళో శీతాకాలం గడిపే ముసలివాళ్ళు, నేను, అంతే.

అబ్రియా తాత తన గుర్రం ఇస్తానన్నాడు. మంచి గుర్రం. నేను దాని మెడ నిమిరి వచ్చేశాను. నేను గుర్రం ఎక్కను ఇమెదా. ఇక్కడే కాన్పయినా సరే, చచ్చినా సరే, ఎక్కను. నిన్ను తిట్టాలని కూర్చున్నాను, తీరా ఏడుస్తున్నాను.

అక్క


అల్వాని
అక్టోబరు 1

నానులక్కా,

ఈ ఉత్తరం చావిట్లో చదివినా నాకు ఫర్వాలేదు. ఇంక దాచను.

నీ ఆగస్టు ఉత్తరం చదివిన రోజే జీపుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. రేకు ఎత్తించాను. రేకు కింద, మూలమూలనా, నల్లటి మోటు వెంట్రుకలు. చీపురుపుల్లల్లా గట్టిగా. నేను ముట్టుకోలేదు. మెకానిక్ ఒకటి తీసి వెలుగులో పట్టుకుని, "అడవిపంది" అన్నాడు, మామూలుగా, ఉల్లిపాయ అన్నట్టు.

జుంబేర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన సంతోషపడి ఫోటో తెచ్చి చూపించాడు. మన జీపు, దాని బానెట్ మీద ఇంత పొడుగు పంది, పక్కన వాళ్ళన్న. "ఈ కొండల్లో మా అన్న కొట్టని పంది లేదు" అన్నాడు. ఉక్కు తాడు అడవి గోతుల్లోంచి పందుల్ని లాగడానికి. కొక్కేలు వేలాడదీయడానికి. చిల్లు నెత్తురు పోవడానికి. ముందే ఎందుకు చెప్పలేదన్నాను. "నువ్వు అడగలేదుగా" అన్నాడు. నిజమే కదా. ఆయనకది గొప్ప, నాకే తప్పు. నేను తలొంచుకుంటే మళ్ళీ బల్ల పరిచాడు. తినకుండా లేచి వచ్చాను, ఆయన నొచ్చుకున్నాడు.

వేడినీళ్ళతో కడిగాను. బూడిదతో తోమాను. రేకు కొత్తది వేయించాను, చిల్లు మాత్రం అక్కడే పెట్టారు. కడిగినకొద్దీ నాకే ఎక్కువ కనిపిస్తోంది. లోయలోకి అది రాకూడదు. నేనూ అక్కడ పుట్టినవాణ్ణే, నాకు తెలుసు. కానీ నిన్ను తేకుండా ఎలా? ఇంకో బండి కోసం తిరగని ఊరు లేదు. కనుమ మీద మంచు పడిందని విని అందరూ తల ఊపేస్తున్నారు. ఈ మంచులో ఎక్కగలిగేది ఒక్కటే ఉంది, రాకూడనిదీ అదొక్కటే.

సరిహద్దు కాపలావాడొకడు గుర్రం మీద పైకొస్తున్నాడు, ఆయన చేతికిస్తున్నా. ఏం చెయ్యమంటే అది చేస్తా. తిట్టు, కానీ రాయి.

ఇమెదా


బుఖుర్త
అక్టోబరు 7

ఇమెదా,

చదివాను. పైకే చదివాను, నువ్వన్నావు కాబట్టి. వెంట్రుకల దగ్గర ఒకావిడ శిలువ గీసుకుంది.  నేను నేల చూస్తూ కూర్చున్నాను.

అబ్రియా తాత అడిగాడు: "అది కనుమ పైదాకా ఎక్కుతుందా?" ఎక్కుతుందని రాశాడు అన్నాను. "ఐతే పైన ఆగమను. మన లోయకి హద్దు, ఆ గీతరాయి అవతలే ఆగమను. మిగతాది మనం చూసుకుందాం" అన్నాడు. మనం అంటే ఎవరు తాతా, అందరూ ముసలివాళ్ళే కదా అన్నాను. ఆయన నావైపు చూశాడు. 

ఈ ఉత్తరం ఆ కాపలావాడి చేతికే తిరిగిస్తున్నా. వచ్చే ఆదివారం పొద్దున్న పైన ఉండు. పొగమంచు ఉన్నా ఉండు. మేమొస్తాం.

నాకు ఒక్కోసారి నడుం పట్టేస్తోంది. భయంగా ఉంది. ఐనా రాసేస్తున్నా, ఎందుకో తెలీదు గానీ నాకు ధైర్యంగా కూడా ఉంది.

నానులి


బుఖుర్త, నీ ఇంట్లోంచే
నవంబరు 18

అక్కా,

ఎలా ఉన్నావో తెలీదు. ఈ ఉత్తరం, కనుమ మూశాక ఎప్పుడో వచ్చే సరిహద్దువాళ్ళ హెలికాప్టర్ దిగితే వాళ్ళ చేతికిస్తా, దిగకపోతే నా దగ్గరే ఉంటుంది. నీ పొయ్యి దగ్గర, నీ దుప్పటి కప్పుకుని కూర్చున్నా. మూడో మెట్టు విరిగింది, బాగుచేశా.

నువ్వు ఆ రోజు పడుకుని ఉన్నావు, కంబళి కప్పి ఉంది, నీకు ఆకాశం తప్ప ఏమీ కనిపించి ఉండదు. నాకు కనిపించింది చెప్పాలి.

బెసో, నేను జీపుని గీతరాయి అవతలే నిలిపాం. ఎలా ఎక్కిందో నన్నడగొద్దు, మలుపు మలుపుకీ తాడు కట్టి లాక్కుంటూ ఎక్కింది. పైన గాలి తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి కింద తెల్లటి వాలు మీద నల్లటి చుక్కలు కనిపించాయి. ఒక వరస. చీమలంత. నిలబడ్డాయేమో అనుకున్నా, కాదు, కదులుతున్నాయి. దగ్గరికొచ్చాక చూశాను. అబ్రియా తాత ముందు కర్రతో మంచు పొడిచి చూస్తూ నడుస్తున్నాడు. వెనక గడ్డి లాగే చక్రాల్లేని బండి, దాని మీద నువ్వు. దాన్ని లాగుతున్నది ఎద్దులు కాదక్కా. ఎద్దులు కింద మంచులోనే ఆగిపోయాయంట. లాగుతున్నది ఊళ్ళో మిగిలినవాళ్ళు. తాడు భుజాలకేసుకుని, ఆడా మగా. ఒక్కొక్కరి మోకాళ్ళు ఎలాంటివో మనకి తెలుసు.  ఒకరు ఆగిపోతే ఇంకొకరు తాడు అందుకుంటున్నారు. నేను కిందకి పరుగెత్తి తాడు పట్టుకున్నాను, ఎవరూ నన్ను పలకరించను కూడా లేదు. అక్కడ నేను నా జీవితంలో మొదటిసారి మోకాళ్ళ మీద పడాలనుకున్నాను. పడే తీరిక లేకపోయింది.

గీతరాయి దగ్గర ఆగారు. నిన్ను బెసో, నేను చేతుల మీద అటు దాటించాం. వాళ్ళలో ఒక్కరూ రాయి దాటలేదు. జీపు దాటలేదు. తాత టోపీ తీశాడు. నీకా, జీపుకా, కొండకా, నాకు తెలీదు.

తర్వాత ఆయన వెనక్కి తిరుగుతూ జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. నేను నీతో వస్తానన్నాను. నువ్వే తల ఎత్తి, "ముందు ఆయన్ని దింపు" అన్నావు. ఇలాంటప్పుడు కూడా పెత్తనమే. ఆయన్ని వీపున మోసుకుని దిగాను. మర్నాడు కనుమ మూసుకుంది. అందుకే ఇక్కడున్నా.

తాత కాలికి కట్టు కట్టాం. రోజూ పాలు తాగిస్తున్నా. నన్ను "పందిబండోడా" అని పిలుస్తున్నాడు. ఊరంతా అదే పేరు పట్టుకుంది.

కాన్పయిందా? బతికున్నారా ఇద్దరూ? ముందు అదొక్కటి రాయి.

ఇమెదా


అల్వాని
డిసెంబరు 20

నా పందిబండోడా,

బతికున్నాం. ఇద్దరమూ. ఆడపిల్ల. నీలాగే గట్టిగా అరుస్తుంది, ఆపమంటే అలుగుతుంది.

ఎప్పుడు పుట్టిందో ఎక్కడ పుట్టిందో చెప్తా. కనుమ దిగుతున్న దారిలో మంచుచరియ పడి ఉంది. బెసో ఉక్కు తాడు తీసుకెళ్ళి అవతలి బండకి కట్టాడు. మీట నొక్కాడు. జీపు ముక్కు ఆకాశానికి లేచింది. నేను వెనక జారిపోతూ చేతికందింది పట్టుకున్నాను. నీ కొక్కెం. ఇంకో చేత్తో ఇంకో కొక్కెం. అక్కడే, నెల ముందే, నొప్పులు మొదలయ్యాయి. జీపు చరియ మీదుగా తనని తనే లాక్కుంటోంది, నేను కొక్కేలు పట్టుకుని నన్ను నేను లాక్కుంటున్నాను. తాడు పాడిందన్నావు చూడు, నేనూ విన్నాను. చరియ దాటి జీపు బల్లపరుపున నిలిచేసరికి కాన్పు ఇంక ఆగేలా లేదు. బెసో అటు తిరిగి నిలబడి, తనకొచ్చిన ప్రార్థనలన్నీ గట్టిగా చదివాడు. వాటిలో సగం పాటలే. నా కూతురు ఆ రేకు మీద పుట్టింది. కొక్కేలు వంగలేదు ఇమెదా. తర్వాత బెసో మంచు కరిగించి నీళ్ళు పోశాడు, అవి చిల్లులోంచి పోయాయి. నేను పడుకుని ఆ చిల్లులోంచి వచ్చే వెలుగు చూస్తూ, నువ్వు రాసిన మొదటి ఉత్తరం గుర్తు తెచ్చుకుని నవ్వాను. మూటలు తగిలించుకోవచ్చన్నావు.

ఇప్పుడు అసలు సంగతి. రోజూ దాని మొహం చూస్తూ ఇదే ఆలోచిస్తున్నా. పందుల నెత్తురు కారిన బండిలో పుట్టిన పిల్ల. వేసవిలో నేను దీన్ని లోయలోకి తేవచ్చా? అబ్రియా తాతని అడుగు. నా బదులు బతిమాలకు. ఆయన అన్నది తియ్యగా మార్చి రాయకు. వద్దంటే వద్దనే రాయి. నేను ఇక్కడే ఉండిపోతా, మీ బావకి కష్టమైనా సరే. నా వల్ల ఆ పొలం మీద మళ్ళీ వడగళ్ళు పడటం చూడలేను. కానీ దీనికి మన కొండ చూపించకుండా ఎలా పెంచాలో కూడా నాకు తెలీదు.

పేరు పెట్టలేదు. నీ జవాబొచ్చాకే.

అక్క


బుఖుర్త
మార్చి 15, 2002

నానులక్కా, పేరులేని మేనకోడలా,

మీ ఉత్తరం ఫిబ్రవరి ఆఖరికి చేరింది. చదివి మొదట పెరట్లోకెళ్ళి, మంచులో నిలబడి చాలాసేపు ఏడ్చాను. చూసినవాళ్ళు లేరు, కాబట్టి చెప్తున్నా.

చావిట్లో చదివాను. కొక్కేల దగ్గర ముసలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నీ ప్రశ్న రెండుసార్లు చదవాల్సొచ్చింది.  తాత కర్ర పట్టుకుని కుంటుతూ ఇంటికెళ్ళిపోయాడు. తర్వాత రోజులకి రోజులు గుడి వైపే చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. పాలు తాగిస్తే తాగాడు. నన్ను పందిబండోడా అని పిలవడం మానేశాడు. నేను భయపడ్డాను. వద్దంటాడనే అనుకున్నాను, నీకెలా రాయాలా అని మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాను.

నిన్న పిలిచాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నా, ఒక్క మాట మార్చలేదు:

"ఆ పిల్ల ఈ లోయలోంచే వెళ్ళింది. తల్లి కడుపులో ఉండగా మేం భుజాల మీద లాక్కెళ్ళాం. నా కాలు దాని కోసమే విరిగింది. ఆ పిల్ల ఇక్కడికి కొత్తగా రావడం కాదు, తిరిగి రావడం. తిరిగొచ్చేవాళ్ళని అడ్డుకునే చట్టం మనకి లేదు. దారిలో ఎక్కడ పుట్టిందో కొండ అడగదు, నేనూ అడగను. జీపు మాత్రం పైనే ఆగాలి."

తర్వాత ఇంకో మాట అన్నాడు: "కనుమ తెరిచాక నేనే పైకొస్తా. నా చేతుల మీద తీసుకొస్తా."

తాతా, కాలు ఇంకా కుదరలేదు, గుర్రం ఎక్కితే పట్టు దొరకదు అన్నాను. "గుర్రమా? వాళ్ళమ్మ ఎక్కనంది కదా. నడిచే వస్తా" అన్నాడు.

అక్కా, పేరు ఆయన్నే పెట్టమందామా?

ఇమెదా


కనుమ పైన
జూన్ 16

ఇమెదా,

మీ బావ గుర్రం మీద ముందు దిగుతున్నాడు, ఈ చీటీ ఆయన చేతికిస్తున్నా. దారిలోనే మీకు ఎదురు పడతాడు.

వచ్చేశాం. బెసో నడిపాడు. జీపు గీతరాయి ఇవతలే ఆగింది. ఎవరూ ఆపమనలేదు, బెసో అలవాటైనవాడిలా ఆపేశాడు. దిగి చూస్తే ఇక్కడొక గోడ. మూడు వైపులా నడుమెత్తు రాళ్ళు పేర్చి, గాలి కొట్టకుండా, జీపు సరిగ్గా పట్టేంత దొడ్డి. లోపల రాళ్ళు ఏరి నేల చదును చేశారు. నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఇంతమంది ముసలివాళ్ళు ఇంత పైకి ఎన్నిసార్లు ఎక్కారురా? మీ బావ గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. బెసో జీపుని వెనక్కి తోలి దాన్లో పెట్టాడు. పెట్టాక బానెట్ తట్టాడు, ముద్దు మాత్రం పెట్టుకోలేదు.

నేనూ పాపా రాయి ఇవతలే కూర్చున్నాం. ఆయన వచ్చి తీసుకెళ్ళేదాకా దాటను. పాప మేలుకునే ఉంది. దాన్ని లోయ వైపు తిప్పి పట్టుకున్నా, కళ్ళార్పకుండా చూస్తోంది. ఏం కనిపిస్తోందో దానికి. నాకు మాత్రం కింద వాలు మీద నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. ఒక వరస, మెల్లగా, పైకే వస్తోంది.

అన్నిటికంటే ముందున్నది కుంటుతూ వస్తోంది.

నానులి